1823కు ముందు మీ తాత ఎక్కడున్నాడు?

మొన్నొక శుక్రవారం జుమా నమాజు ముగించుకుని మస్జిదు మెట్లు దిగుతున్నాం. ఇంజనీరింగు చదువుతున్న మా గల్లీ కుర్రవాడొకడు సలాం చెప్పి ఆపాడు. "చాచా, బాలాపూర్ వైపు గుడిసెల్లో వుంటున్న రోహింగ్యాలు అసలు ఏ దేశం వాళ్ళు? బర్మా వాళ్ళేమో వీళ్ళు బెంగాలీలంటారు. బంగ్లాదేశ్ వాళ్ళేమో బర్మా వాళ్ళంటారు. కాలేజీలో నన్నడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు" అన్నాడు. మేము జవాబు వెతుక్కుంటుండగా, పక్కన చెప్పులు తొడుక్కుంటున్న ఒక పెద్దాయన అందుకున్నారు. ఆయనది శ్రీకాకుళం జిల్లా. కొడుకు ఉద్యోగం కారణంగా హైదరాబాదులో వుంటున్నారు. "మా అబ్బాని కూడా ఇదే అడిగారు బాబూ, రంగంలో" అన్నారాయన.

"రంగం" అంటే కుర్రవాడికి యుద్ధరంగమే తట్టింది కాబోలు, తెల్లమొహం వేశాడు. అతని తప్పేమీ లేదు. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల పాతతరం వారికి రంగం అంటే రంగూన్. నేడు దుబాయి, దమ్మాము పోయినట్టే ఒకప్పుడు మన కోస్తా పల్లెల వాళ్ళు రంగం పోయేవారు. పంట పోయినా, అప్పు పెరిగినా, అన్నదమ్ముల మధ్య పేచీ వచ్చినా రంగం ఓడ ఎక్కడమే దారి. "రంగూన్ రౌడీ" నాటకం పేరు వినని పాతతరం ఇల్లు ఆ జిల్లాల్లో అరుదు.

ఆ పెద్దాయన మాటను ఆనాడు మేము పూర్తిగా పట్టించుకోలేదు. ఇంటికి వచ్చి పాత పుస్తకాలు తిరగేశాక గాని, ఆ ఒక్క వాక్యంలో ఎంత చరిత్ర వుందో అర్థం కాలేదు. బాలాపూర్ గుడిసెల్లో వున్న వాడి కథా, రంగూన్ రేవులో మూటలు మోసిన తెలుగు కూలీ కథా ఒకే ఓడ నుంచి మొదలవుతాయి. ఆ ఓడ ఎవరిదో తెలిస్తే తప్ప కుర్రవాడి ప్రశ్నకు జవాబు దొరకదు.

ఇద్దరు రాజుల మార్పిడి

బర్మాను ఆంగ్లేయులు మూడు యుద్ధాల్లో మింగారు. 1824లో మొదలైన మొదటి యుద్ధం 1826లో యాందబో సంధితో ముగిసింది. అరకాన్, తెనసరిం ప్రాంతాలు ఈస్టిండియా కంపెనీ వశమయ్యాయి. 1852 యుద్ధంలో రంగూన్ సహా దిగువ బర్మా పోయింది. 1885లో మాండలే కూడా పోయి, మరుసటి ఏడాది మొత్తం బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రమైంది.

మధ్యలో ఒక విచిత్రం జరిగింది. 1858లో మన ఆఖరి మొగల్ పాదుషా బహదూర్ షా జఫర్ ను ఢిల్లీ నుంచి తీసుకెళ్ళి రంగూన్ లో పెట్టారు. 1862లో ఆయన అక్కడే కన్నుమూశారు. సమాధి గుర్తు కూడా మిగలకుండా చేశారు, అసలు సమాధి బయటపడింది 1991లో. 1885లో బర్మా ఆఖరి రాజు తీబాను మాండలే నుంచి తెచ్చి మహారాష్ట్ర తీరాన రత్నగిరిలో పెట్టారు. ఆయన 1916లో అక్కడే పోయారు. ఈ దేశపు రాజు ఆ దేశంలో, ఆ దేశపు రాజు ఈ దేశంలో. రాజులనే ఇలా అటూ ఇటూ మార్చి పెట్టిన వాళ్ళకు కూలీలొక లెక్కా?

కూలీలను కదిపింది మాత్రం బియ్యం. దిగువ బర్మాలోని ఇరావతి డెల్టా అప్పట్లో చాలాభాగం అడవి, చిత్తడి. 1869లో సూయెజ్ కాలువ తెరుచుకోవడంతో ఐరోపా మార్కెట్టు దగ్గరైంది. ఆంగ్లేయులు వచ్చిన కొత్తలో సుమారు 10 లక్షల ఎకరాలు వున్న వరిసాగు, 1930 నాటికి 80 లక్షల ఎకరాలు దాటింది. బర్మా రైతులు ఎగువ ప్రాంతాల నుంచి దిగివచ్చి అడవి నరికారు, పొలం చేశారు. ఆ ధాన్యాన్ని మరపట్టడానికి, ఓడలకెక్కించడానికి, రైలు పట్టాలు వేయడానికి, రంగూన్ మురుగు ఎత్తడానికి మనుషులు కావాలి. బర్మాలో జనాభా తక్కువ, కూలి ఎక్కువ. ఇవతల మద్రాసు రాజధానిలో కరువు మీద కరువు, కూలి కారుచౌక. మధ్యలో సముద్రం. సముద్రం దాటించడానికి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ స్టీమర్లు. రంగూన్ లో పెద్ద బియ్యం మిల్లులు స్టీల్ బ్రదర్స్ వంటి తెల్లవారి కంపెనీలవి. ఇరావతి నది మీద తిరిగే పడవల కంపెనీ స్కాట్లండు వారిది. లెక్క ఎంత చక్కగా కుదిరిందో గమనించండి. నేల బర్మావాడిది, చెమట తెలుగువాడిది, అప్పు చెట్టియారుది, లాభం గ్లాస్గోది, లండన్ ది.

కోరంగివాళ్ళు

కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ రేవుల నుంచి స్టీమర్లు కదిలేవి. అంతకుముందు గోదావరి పాయ మీద కోరంగి గొప్ప రేవుగా వుండేది. 1839 తుపాను ఆ రేవును నాశనం చేసింది. రేవు పోయినా పేరు మాత్రం సముద్రం దాటింది. బర్మాలో, మలయాలో తెలుగువాణ్ణి "కోరంగి" అని పిలిచారు. అతడు పుట్టింది పలాసలోనో, పర్లాకిమిడి దగ్గరో కావచ్చు, అక్కడ దిగాక కోరంగివాడే. బర్మీయులు మాత్రం భారతీయులందరికీ కలిపి వాడే మాట "కలా". హిందువా, ముస్లిమా, తెలుగా, బెంగాలీయా అన్న భేదం ఆ మాటకు లేదు. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాం.

మారిషస్, ఫిజీ, దక్షిణాఫ్రికా చెరకు తోటలకు పోయినవారిది గిరిమిట్ వలస. అయిదేళ్ళ ఒప్పందం మీద వేలిముద్ర వేసి పోయేవారు. 1860 నవంబరు 16న డర్బన్ రేవులో దిగిన "ట్రూరో" ఓడ మద్రాసు నుంచే వెళ్ళింది, అందులో తెలుగువారు చాలామంది. ఆ విధానం మీద దేశంలో ఆందోళన జరిగి, 1917లో గిరిమిట్ సేకరణ ఆగింది. బర్మాకు గిరిమిట్ లేదు. ఎందుకంటే బర్మా అప్పుడు విదేశం కాదు, ఇండియాలోనే ఒక రాష్ట్రం. కాబట్టి కూలీ కాగితం మీద స్వతంత్రుడు. అతణ్ణి కట్టిపడేసింది మేస్త్రీ.

మేస్త్రీ సాధారణంగా మన ఊరివాడే, తరచు మన కులంవాడే. ఓడ టిక్కెట్టు కొనిచ్చేవాడు, ఇంట్లో అప్పు తీర్చడానికి కొంత బయానా ఇచ్చేవాడు. రంగూన్ లో దిగాక కంపెనీ కూలి డబ్బు కూలీ చేతికి కాదు, మేస్త్రీ చేతికి ఇచ్చేది. పై మేస్త్రీ కొంత, కింది మేస్త్రీ కొంత మినహాయించుకోగా మిగిలిందే కూలీ సొమ్ము. నేడు గల్ఫ్ ఏజెంటు చేతుల్లో నలిగిన కుటుంబాలకు ఈ పద్ధతిని విడమరచి చెప్పనక్కరలేదు. కూలీలు చీకటి లాడ్జింగుల్లో ఒకరి పక్కన ఒకరు ఇరుక్కుని పడుకునేవారు. 1933లో ఆండ్రూ అనే అధికారి రంగూన్ లోని భారతీయ కూలీల గురించి వ్రాసిన గ్రంథంలో ఈ సంగతులన్నీ వున్నాయి. ఆయన ప్రభుత్వ ఉద్యోగి, వలస కార్మికుల రక్షణ శాఖలో పనిచేసినవాడు. కాబట్టి అతిశయోక్తి అనడానికి వీల్లేదు.

1920ల చివర్లో ఏడాదికి మూడు నాలుగు లక్షల మంది భారతీయులు రంగూన్ రేవులో దిగేవారు. దాదాపు అంతమందీ వెనక్కి వెళ్ళేవారు. వలసల విషయంలో రంగూన్ ను న్యూయార్క్ తో పోల్చేవారంటే ఆశ్చర్యం లేదు. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో 10 లక్షల 17 వేల మంది భారతీయులున్నారు, వారిలో తెలుగువారు లక్షకు పైబడి. రంగూన్ నగర జనాభా సుమారు 4 లక్షలు కాగా అందులో సగానికి మించి భారతీయులే. ఒక దేశపు రాజధానిలో ఆ దేశస్థులు మైనారిటీ అయ్యారన్నమాట. బర్మీయుల కోపానికి కారణం లేదని మేము అనలేం. మన ఊళ్ళో ఇలా జరిగితే మనం మాత్రం ఊరుకుంటామా?

ఆ కోపం ఎవరి మీద తిరిగిందన్నదే చూడవలసింది. 1930 మే నెలలో రంగూన్ రేవు కూలీలు, వారిలో అత్యధికులు తెలుగువాళ్ళు, కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల కాంట్రాక్టర్లు వారి స్థానంలో బర్మా కూలీలను తెచ్చిపెట్టారు. కొద్దిరోజులకు సమ్మె రాజీ అయింది. తెలుగువాళ్ళను మళ్ళీ పనిలోకి పిలిచి, బర్మావాళ్ళను పొమ్మన్నారు. మే 26న రేవు దగ్గర మొదలైన కొట్లాట నగరమంతా పాకింది. వందకు పైగా మనుషులు చనిపోయారు. చంపినవాడూ కూలీయే, చచ్చినవాడూ కూలీయే. ఇద్దరినీ ఒకరి మీద ఒకరిని పెట్టి సమ్మె విరిచిన కంపెనీల ఆఫీసుల మీద ఒక్క రాయి పడినట్టు మేము ఎక్కడా చదవలేదు.

అదే ఏడాది నుంచి ప్రపంచవ్యాప్త మాంద్యంలో ధాన్యం ధర కుప్పకూలింది. బాకీ కట్టలేని బర్మా రైతుల పొలాలు చెట్టియార్ల పరమయ్యాయి. దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాల్లో 1930లో సుమారు 6 శాతం భూమి వారి చేతిలో వుంటే, 1937 నాటికి అది 25 శాతానికి చేరింది. 1938లో మళ్ళీ అల్లర్లు చెలరేగాయి. ఒక ముస్లిం రచయిత పుస్తకంలో బౌద్ధాన్ని కించపరిచారన్నది సాకు. ఈసారి దెబ్బ ఎక్కువగా ముస్లింల మీద పడింది, మస్జిదులు తగలబడ్డాయి. ప్రభుత్వ విచారణ సంఘమే తేల్చింది ఏమంటే, పుస్తకం నిప్పురవ్వ మాత్రమే, అసలు ఎండుగడ్డి భూమి, కూలి, వలస, బర్మా స్త్రీలతో భారతీయుల వివాహాలు. వలస వచ్చినవారిలో ఆడవాళ్ళు బహు కొద్దిమంది. ముస్లింలు చాలామంది బర్మా స్త్రీలను నికాహ్ చేసుకుని అక్కడే సంసారం పెట్టారు. వారి సంతానాన్ని "జేర్బాదీ"లన్నారు. తల్లి ఆ నేలది, తండ్రి ఈ నేలవాడు. ఆ పిల్లలది ఏ నేల?

నడిచి వచ్చినవాళ్ళు, ఓడలో వచ్చినవాళ్ళు

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. మార్చి నాటికి నగరం వారి వశమైంది. నాలుగైదు లక్షల మంది భారతీయులు బర్మా వదిలారు. ఓడల్లో చోటు దొరికింది డబ్బున్నవారికి, తెల్లతోలు వారికి. మిగిలినవారు కాలినడకన అరకాన్ కనుమల గుండా చిట్టగాంగుకు, మణిపూర్ కొండల మీదుగా అస్సాముకు వచ్చారు. ఆ దారుల్లో కూడా తెల్లవారికి ఒకటి, నల్లవారికి ఒకటి అని విడదీశారని నాటి నాయకులు మండిపడ్డారు. కలరా, మలేరియా, ఆకలి. దారిలో పోయినవారిని లెక్కపెట్టిన నాథుడు లేడు. అంచనాలు పదివేల నుంచి యాభైవేల పైచిలుకు దాకా వున్నాయి. తెచ్చిన వాళ్ళు తిరిగి చేర్చే బాధ్యత తీసుకోలేదు, అంతే.

1948 జనవరి 4న బర్మా స్వతంత్రమైంది. 1962 మార్చిలో జనరల్ నే విన్ అధికారం లాక్కున్నాడు. 1964లో దుకాణాలు జాతీయం చేశారు, మే నెలలో 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవన్నారు. లక్షలాది భారతీయులు కట్టుబట్టలతో ఓడలెక్కారు. మద్రాసు బర్మా బజారు వారి పొట్టకూటికోసం పుట్టిందే. విశాఖపట్నం కంచరపాలెంలో నేటికీ "బర్మా క్యాంపు" అని పిలిచే వాడ వుంది. మాకు సలాం చెప్పిన ఆ పెద్దాయన తండ్రి వచ్చింది ఆ రోజుల్లోనే.

వచ్చినవారి సంగతి అది. రాలేక, లేదా రానవసరం లేదనుకుని వుండిపోయినవారికోసం 1982లో ఒక చట్టం తెచ్చారు. దాని ప్రకారం బర్మా శకం 1185కు ముందే, అంటే క్రీ.శ. 1823కు ముందే ఆ నేలమీద స్థిరపడిన జాతులవారే సహజ పౌరులు. మిగిలినవారు సహ పౌరులో, దరఖాస్తు పెట్టుకుని పౌరసత్వం పొందినవారో అవుతారు. అదీ 1948కు ముందు నుంచి అక్కడ వున్నట్టు తిరుగులేని ఆధారాలు చూపగలిగితేనే.

1823 ఎందుకు? 1824లో ఆంగ్లేయుల దండయాత్ర మొదలైంది కనుక. సామ్రాజ్యం అడుగుపెట్టిన తేదీని గీతగా గీసి, ఆ గీత దాటి వచ్చినవాడంతా సామ్రాజ్యం తెచ్చిన చెత్త అన్నారు. పైకి ఇది వలసపాలన మీద ప్రతీకారంగా కనిపిస్తుంది. ఎవరి మీద తీర్చుకున్నారో చూస్తే సంగతి తేలుతుంది. స్టీమర్ కంపెనీ వాటాదారు మనుమడు లండన్ లో క్షేమంగా వున్నాడు. మూట మోసినవాడి మునిమనుమడు 1823 నాటి కాగితం వెతుక్కుంటున్నాడు. ఈ చట్టం కింద నలిగింది ముస్లింలే అనుకోరాదు. మాల్మీన్ పరిసరాల్లో నేటికీ వున్న తెలుగు కుటుంబాలు కూడా ఈ గీతకు ఇవతలివే. మన ప్రభుత్వమే ఎల్.ఎం. సింఘ్వీ అధ్యక్షతన నియమించిన ప్రవాస భారతీయుల సంఘం, బర్మాలోని భారతీయ సంతతిలో సుమారు 4 లక్షల మందికి ఏ దేశపు పౌరసత్వమూ లేదని అంచనా కట్టింది. 

అరకాన్ గీత

ఇక రోహింగ్యాల విషయం. ఇక్కడ చరిత్ర రెండు పొరలుగా వుంది, రెండూ చెప్పాలి. అరకాన్ ఒకప్పుడు స్వతంత్ర రాజ్యం. మ్రౌక్-ఊ రాజధానిగా 1430 నుంచి 1784-85 దాకా నిలిచింది. దాని బౌద్ధ రాజులు కొందరు నాణేల మీద ముస్లిం బిరుదులు వేయించుకున్నారు. 17వ శతాబ్దంలో దౌలత్ ఖాజీ, ఆలావొల్ వంటి బెంగాలీ ముస్లిం కవులు ఆ దర్బారు నీడన కావ్యాలు వ్రాశారు. 1799లోనే ఫ్రాన్సిస్ బుకానన్ అనే కంపెనీ వైద్యుడు, అరకాన్ లో చిరకాలంగా వున్న ముస్లింలు తమను "రూయింగా" అని చెప్పుకుంటారని అచ్చువేశాడు. అది ఆంగ్లేయుల దండయాత్రకు పాతికేళ్ళ ముందు మాట. ఇది మొదటి పొర.

రెండో పొర: 1826 తర్వాత అరకాన్, చిట్టగాంగు ఒకే పాలన కిందికి వచ్చాయి. నాఫ్ నది సరిహద్దు కాకుండా పోయింది. అక్యాబ్ బియ్యం రేవు అయింది, కోతలకు చిట్టగాంగు కూలీలు వచ్చారు, చాలామంది వుండిపోయారు. అక్యాబ్ జిల్లాలో 1872లో 58 వేలున్న ముస్లింలు 1911 నాటికి 1 లక్షా 78 వేలయ్యారు. పుట్టుకలతో మాత్రమే ఇంత పెరుగుదల రాదు. రోహింగ్యాల పక్షాన మాట్లాడే మనవారు కొందరు ఈ రెండో పొరను దాచి, అందరూ వెయ్యేళ్ళ నాటి అరబ్బు నావికుల సంతానమేనని వాదిస్తారు. అభిమానంతో చేసే వాదనే కావచ్చు. కాని ఈ వాదన చేసినవాడు 1823 గీతను ఒప్పుకున్నట్టే. గీతకు అవతల నిలబడగలిగినవాడికే హక్కు, ఇవతలివాడికి లేదని తానే సంతకం పెట్టినట్టే. 1890లో చిట్టగాంగు నుంచి అక్యాబ్ వెళ్ళిన కూలీ ఏ దేశపు సరిహద్దూ దాటలేదు. అదే ఏడాది కళింగపట్నం నుంచి రంగూన్ వెళ్ళినవాడూ దాటలేదు. అప్పటికి అదంతా ఒకటే రాజ్యం. ఇండియా నుంచి బర్మాను విడదీసింది 1937 ఏప్రిల్ 1న. మనిషి దాటని సరిహద్దును తర్వాత అతని వెనక గీసి, నువ్వు దొంగతనంగా దాటావన్నారు.

స్వతంత్ర బర్మా తొలి ప్రభుత్వాలు ఈ మాట అనలేదన్నది గమనార్హం. రోహింగ్యాలు ఓటు వేశారు, పార్లమెంటుకు ఎన్నికయ్యారు. 1960లలో కొంతకాలం రంగూన్ రేడియోలో వారి భాషలో కార్యక్రమం కూడా వచ్చింది. సైనిక పాలనలో లెక్క తిరగబడింది. 1978లో 2 లక్షల మందిని, 1991-92లో రెండున్నర లక్షల మందిని తరిమారు. 1989 నుంచి పాత గుర్తింపు కార్డులు వాపసు తీసుకుని కొత్తవి ఇవ్వలేదు. తర్వాత ఇచ్చిన తాత్కాలిక తెల్లకార్డులనూ 2015లో రద్దు చేశారు. 2017 ఆగస్టు 25 తర్వాత 7 లక్షలకు పైగా నాఫ్ నది దాటారు. 2019లో గాంబియా దేశం అంతర్జాతీయ న్యాయస్థానంలో జాతి నిర్మూలన కేసు వేసింది. 2020 జనవరి 23న ఆ న్యాయస్థానం రోహింగ్యాలను కాపాడాలని తాత్కాలిక ఆదేశాలిచ్చింది. మరుసటి ఏడాది సైన్యం మళ్ళీ అధికారం చేజిక్కించుకుంది.

పారిపోయినవారిలో 10 లక్షల మందికి పైగా వుంటున్న కాక్స్ బజార్ పేరు వెనక ఒక సంగతి వుంది. 1784-85లో బర్మా రాజు అరకాన్ ను జయించినప్పుడు అక్కడి జనం వేలాదిగా చిట్టగాంగు వైపు పారిపోయి వచ్చారు. వారిలో ఎక్కువమంది బౌద్ధులు. వారికి భూములిచ్చి నిలబెట్టే పనిమీద కంపెనీ పంపిన అధికారి కెప్టెన్ హైరమ్ కాక్స్. 1799లో ఆయన ఆ పనిలోనే చనిపోయాడు. ఆయన పేరన వెలసిన సంత అది. శరణార్థుల కోసం పుట్టిన ఊరు రెండు వందల ఏళ్ళ తర్వాత శరణార్థులకే అతిపెద్ద శిబిరమైంది. అప్పటివారు బౌద్ధులు, ఇప్పటివారు ముస్లింలు. నది ఒక్కటే.

బర్మా ఒక్కటే ఇలా చేసిందనుకుంటే పొరపాటు. తేయాకు తోటలకు బ్రిటిషువారు తీసుకెళ్ళిన తమిళ కూలీలను సింహళం స్వతంత్రం రాగానే 1948లో పౌరసత్వం లేనివారిని చేసింది. 1964లో శాస్త్రి, సిరిమావో బండారనాయకె కూర్చుని 5 లక్షల 25 వేల మంది ఇండియాకు, 3 లక్షల మంది సింహళానికి అని పంచుకున్నారు. మిగిలిన లక్షన్నర సంగతి తర్వాత చూద్దామన్నారు. ఇక సాక్షాత్తూ బ్రిటన్ చూడండి. 1948లో వలస రాజ్యాల ప్రజలందరూ మా పౌరులేనని చట్టం చేసి, వెస్టిండీస్ నుంచి బస్సులు నడపడానికి, ఆసుపత్రుల్లో పనిచేయడానికి మనుషులను రప్పించుకుంది. వారు వచ్చినప్పటి రేవు కార్డులను 2010లో తన హోంశాఖే నాశనం చేసింది. ఆ తర్వాత, ముసలివాళ్ళయిన వారిని మీరు 1973కు ముందు వచ్చినట్టు కాగితం చూపండని అడిగింది. 2018లో సంగతి బయటపడేసరికి కనీసం 83 మందిని అన్యాయంగా దేశం దాటించినట్టు ప్రభుత్వమే ఒప్పుకుంది. అక్కడ 1823, ఇక్కడ 1973. తేదీ మారింది, అడిగే పద్ధతి మారలేదు.

మన ఇంటి సంగతి కూడా చెప్పుకోకుండా ముగించడం న్యాయం కాదు. బర్మా 1937 దాకా ఇండియాలో భాగమే అయినా, 2019 పౌరసత్వ సవరణ చట్టంలో పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్ వున్నాయి గాని బర్మా లేదు. వున్నా ముస్లింలకు వర్తించదు. 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు. జమ్మూలో నిర్బంధించిన రోహింగ్యాల కేసులో 2021 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు, పద్ధతి ప్రకారం పంపించవచ్చునని చెప్పింది. బాలాపూర్ లో వున్న కొన్ని వేలమంది ఐక్యరాజ్యసమితి ఇచ్చిన కార్డు జేబులో పెట్టుకుని, చెత్త ఏరుకుంటూ, కూలి చేసుకుంటూ రోజులు నెడుతున్నారు.

ఆ బాలాపూర్ కు కూతవేటు దూరంలోనే బార్కస్ వుంది. సైనికుల బ్యారక్స్ కాబట్టి బార్కస్. నిజాం సైన్యంలో కొలువుకు యెమెన్ లోని హజ్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి అది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత, హైదరాబాదులోనే పుట్టి పెరిగినవారిలో కూడా అనేకులను విదేశీయులుగా లెక్కగట్టి నిర్బంధించారు, కొందరిని పంపించివేశారు. "నువ్వు ఎప్పుడు వచ్చావు, కాగితం ఏది" అన్న ప్రశ్న ఆ ఇళ్ళలోని పెద్దలకు కొత్త కాదు. అయినా రోహింగ్యాలకు ఇల్లు అద్దెకిచ్చే దగ్గర, కూలి కట్టే దగ్గర మనవాళ్ళు కొందరు చూపుతున్న చేతివాటం చూస్తే పాత మేస్త్రీ గుర్తుకు వస్తున్నాడు. ఇది వ్రాయడం మాకు సంతోషం కలిగించే విషయమేమీ కాదు.

కుర్రవాడికి జవాబు చెప్పడానికి వారం పట్టింది. మరుసటి శుక్రవారం ఇద్దరూ మళ్ళీ కలిశారు. పైన వ్రాసినదంతా క్లుప్తంగా చెప్పాం. బర్మావాళ్ళు తమను రోహింగ్యాలనకుండా వేరే ఏదో మాటతో పిలిచేవారని బాలాపూర్ లో ఒకతను తనతో చెప్పాడని, ఆ మాట గుర్తు రావడం లేదని కుర్రవాడన్నాడు. "కలా" అని పెద్దాయన అందించారు. "మా అబ్బానీ అదే అనేవారు. ఆయన పక్కన మూట మోసిన అప్పలసామినీ అదే అనేవారు."

పెద్దాయన ఆ రోజు జేబులో ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చారు. అందులో వాళ్ళ నాన్నగారి కార్డు వుంది. మడతల దగ్గర చిరిగిపోయి, ఫోటో సగం చెరిగిపోయింది. బర్మా ప్రభుత్వం విదేశీయులకు ఇచ్చే రిజిస్ట్రేషన్ కార్డు అది. పుట్టిన స్థలం అన్నచోట రంగూన్ అని వ్రాసివుంది.